అద్దం పట్టుకున్న నాగదేవత

మొన్న గ్యాలరీలో, ఎప్పుడో యూరప్‌లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. అందులో ఒకావిడ, ఒక చేతిలో అద్దం, ఇంకో చేతికి చుట్టుకున్న పాము. చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో, డార్విన్ ఊళ్ళో మా ఇంట్లో ఉన్నది ఈవిడే!

అక్కడ పుట్టలు మనిషెత్తు ఉంటాయి, పాములకూ కొదవలేదు. అందుకే నాగులచవితికి అమ్మ బయటికి పోకుండా, పాతసామాన్ల షాపులో కొన్న ఆ బొమ్మ ముందే పాలు, చిమ్మిలి పెట్టేది.

"నాగదేవతే. దణ్ణం పెట్టుకోవే."

"దెన్ వై ద మిర్రర్, అమ్మా?"

"బొట్టు పెట్టుకోడానికి."

బొట్టేమో లేదు. పాపం మర్చిపోయిందనుకుని నేనే కుంకుమ పెట్టేశాను. అమ్మ నవ్వింది కానీ తుడవలేదు.

గ్యాలరీలో బొమ్మ కింద 'వివేకం' అని రాసుంది; పాము, అద్దం ఆవిడ గుర్తులట. పుట్టల జోలికి పోకుండా పండగ చేసిన అమ్మ సరైన దేవతనే పట్టుకుంది. ఈవిడ నుదురే బోసిగా ఉంది.