నెమలి కొంగు పేజీ

హిందూపురంలో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. అప్పటికి మా వైపు ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లు తక్కువ, నెట్ సెంటర్‌కు పోయి చూసుకునేవాళ్లే ఎక్కువ. సైట్ చేసిచ్చాక ప్రతి పేజీలోనూ ట్యాగ్ అని నాలుగు వరుసల కోడ్ పెట్టేవాళ్లం. ఎవరైనా ఆ పేజీ తెరిస్తే అది మాకు కబురు పంపుతుంది. ఆ కబుర్లన్నీ కూడితే నెల రిపోర్టు. ఎక్కడైనా ట్యాగ్ మూగబోతే ఎందుకో కనిపెట్టే పని మా అక్కది. సొంత అక్క కాదు, ఆఫీసులో నాకు సీనియర్. రోజూ పెనుకొండ నుంచి రైల్లో వచ్చేది. నాకు లేని ఓపికంతా ఆమె దగ్గరే ఉండేది.

ఒకసారి ధర్మవరం పట్టుచీరల అంగడి యజమాని ఫోన్‌లో మా మీద అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మొదటి పేజీకి జనం బాగానే వస్తున్నారని రిపోర్టు చెబుతోంది. చీరల పేజీలకు మాత్రం ఎవరూ రాలేదంటోంది.

"గడప దాకా వచ్చి ఎనక్కి పోతాండారంటే ఇంగ ఆ పేజీలు ఎందుకప్పా? ఈ నెలతో తీసేయండి" అన్నాడు.

ఆ పేజీలు ఆయన కోడలివి. పొద్దున్నే మిద్దె మీద చీర పరిచి, జరీ మెరుపు సరిగ్గా పడేదాకా ఫోటోలు తీసేది. ఆ ఇంటికి వచ్చాక ఆమె సొంతంగా మొదలుపెట్టిన పని అదొక్కటే. అది ఆగిపోతే మళ్లీ వంటిల్లే గతి.

అక్క ఆఫీసులో ఒక్కో పేజీ తెరిచి చూసింది. ట్యాగ్ అన్నిట్లోనూ ఉంది, అన్నిట్లోనూ పనిచేసింది. "ట్యాగ్ బాగుంది, జనమే రావడం లేదని రాసి పంపేద్దాం" అన్నాను. అక్క తల కూడా ఎత్తలేదు.

"మన ఆఫీసు నెట్ లైన్లో బాగుండాదబ్బా. వాళ్లు చూసే చోట చూసినామా?"

మర్నాడు నేను హిందూపురంలో ఎక్కిన రైలునే ఆమె పెనుకొండలో ఎక్కింది. ధర్మవరం దాకా సణుగుతూనే ఉన్నాను. స్టేషన్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాం. మొదటి పేజీ ఇట్టే వచ్చింది. చీర పేజీ తెరిస్తే పైన అంగడి ఫోన్ నంబర్ కనబడింది. ఆ తర్వాత తెర మీద చీర అంగుళం అంగుళం దిగడం మొదలైంది. అంచు వచ్చింది. చాలాసేపటికి నెమలి కొంగు వచ్చింది. కింద ఇంకా ఫోటోలు రావాలి. నాకు చిర్రెత్తుకొచ్చి పేజీ మూసేశాను.

అక్క పకపకా నవ్వింది. "సూడు! చీర చూసినావు, నంబర్ చూసినావు, పోయినావు. నువ్వొచ్చినట్ల ఎవురికీ తెల్దు."

పేజీలోని ఫోటోలన్నీ దిగాకే ట్యాగ్ పనిచేసేలా పెట్టింది మేమే. జరీ పోగు పోగూ కనబడాలని కోడలు పెద్ద ఫోటోలు పెట్టింది. ఆఫీసు లైన్లో అవి క్షణాల్లో దిగిపోతాయి, ఇక్కడ అంతసేపు కూర్చునేదెవరు? నా చిరాకుతోనే తప్పు పట్టుకున్న అక్క తెలివికి ముచ్చటేసింది.

నేరుగా అంగడికి పోయాం. ట్యాగ్‌ను పేజీ పైకి మార్చి, తెరవగానే లెక్కపడేలా చేస్తామని అక్క చెప్పినా యజమాని నమ్మలేదు.

"మీ తప్పు కప్పిపెట్టుకునేదానికి ఏమన్నా చెప్తారు."

అక్క నొచ్చుకోలేదు. "సరే అన్నా. ఫోన్లు వస్తాండాయా?"

"వస్తాండాయి. మొన్న కదిరి నుంచి, నిన్న బెంగళూరు నుంచి. నెమలి కొంగు చీర ఉండాదా అని. అట్లాంటిది మా అంగట్లో లేదని చెప్పి పెట్టేసినా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

లోపలి గుమ్మంలో నిలబడ్డ కోడలు మెల్లగా అంది. "ఉండాది మామా. మగ్గం నుంచి వస్తానే మిద్దె మీద ఫోటో తీసి బీరువాలో పెట్టినా. అంగట్లోకి తేనే లేదు."

ఆయన చేతిలో చీర మడత ఆగిపోయింది. అంగట్లోకే రాని చీరను కదిరిలో ఎవరు చూశారో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. గెలిచానన్న మురిపెం అక్క ముఖంలో కనబడనివ్వలేదు. ఆ నిబ్బరం నాకు ఈనాటికీ పట్టుబడలేదు.

యజమాని కోడలి వైపు చూశాడు. వెనక అరలోని చీరలు చూపించాడు.

"ఎండ ఎక్కువైపోతాండాది. ఫోటోలకు ఈ అరలోటివి గూడా మిద్దె మీదికి తీసకపో తల్లీ."