తొంభై మూడు చింతగింజలు

మొన్న తమ్ముడింటి నుంచి తెచ్చుకున్న గాజుసీసా మూత తిప్పితే ముందు కాఫీపొడి వాసన వచ్చింది, దాని వెనకాల చింతపండు పులుపు, ఆ పులుపు అడుగున ఎక్కడో మా తిరుపతి ఇంటి వంటగది అటక వాసన. నిజానికి ఆ సీసాలో కాఫీపొడి పోసి ముప్పై ఏళ్ళు దాటింది కాబట్టి, ఆ వాసన సీసాలో ఉందో నా ముక్కులో ఉందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. మూతకు ఒక పక్కన ఎంత తోమినా పోని ఎర్రటి మరక. లోపల కొన్ని చింతగింజలు. వాటిని ఎంచాను, ఎంచినవాటినే మళ్ళీ ఎంచాను. లెక్కల్లో నేను ఏనాడూ గట్టిదాన్ని కాను గానీ, ఈ సీసా గింజలు తప్పు ఎంచితే అబద్ధం ఆడినట్టేనని చిన్నప్పుడు మా నాయన చెప్పి ఉన్నాడు.

మా నాయన తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో కండక్టరు. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా పోయి వచ్చే ఆ బస్సులో మామిడికాయల కాలం వస్తే మనుషులకన్నా బెంగళూరా కాయల గంపలే ఎక్కువ ఎక్కేవి, గంపల మధ్య కాళ్ళు కట్టిన కోళ్ళు, కోళ్ళ పక్కన ఎండకు కరుగుతున్న బెల్లం దిమ్మెలు, వీటన్నిటి నడుమ సన్నగా జొన్నకర్ర మాదిరి మా నాయన. మనిషి సన్నం, గొంతు మాత్రం లావు. హారను చెడిపోయినా కండక్టరు ఉన్నాడు గదా అని డ్రైవరు ధీమాగా తోలేవాడట. ఎక్కినవాళ్ళను నాయన మొదట అడిగేది టికెట్టు గురించి కాదు, 'బుద్ధుండాదా నీకు?' అని. ఆ రకంగా చూస్తే మా నాయన బుద్ధుణ్ణి కలవడానికి పదిహేనేళ్ళ ముందు నుంచే ఆయన జాడ వాకబు చేస్తున్నాడని చెప్పాలి.

నాయన తిట్లను అచ్చులో పెట్టే ధైర్యం నాకు లేదు. 'నీ జిమ్మడ' అనేది వాటిలో మర్యాద గలది, అది పిల్లలకూ దూడలకూ. మిగతావి తాతముత్తాతల దగ్గర మొదలై, పుట్టబోయేవాళ్ళ దగ్గర మలుపు తిరిగి, ఎదుటి మనిషి నెత్తిన వచ్చి ఆగేవి. మా వీధిలో దాన్ని తప్పుగా ఎవరూ అనుకోలేదు సరికదా, మా నాయన నోరు వీధికొక ఆస్తి. ఎందుకంటే ఏడాదికొకసారి, ఎండలు ముదిరినాక, మాకు గంగమ్మ జాతర వస్తుంది. వెనకటికి అమ్మవారు దాక్కున్న పాలెగాణ్ణి రోజుకొక వేషం కట్టి తిడుతూ వెతికిందట. అందుకని జాతరలో వేషం కట్టినవాళ్ళు ఎదురుపడినవాళ్ళనల్లా నోరారా తిడతారు, తిట్టించుకున్నవాళ్ళు అమ్మవారి మాట తగిలిందని దణ్ణం పెట్టుకొని పోతారు. ఆ రోజుల్లో మా వీధంతా రాగి అంబలి పులుపూ, వేపమండల చేదూ, నానబెట్టిన పెసరపప్పులో పిండిన నిమ్మకాయా కలిసిన ఒకే వాసన. రెండోరోజు కట్టేది బండ వేషం. ఒళ్ళంతా కుంకుమ పూసుకొని, తలకు పూలదండ చుట్టుకొని మా నాయన వీధిలోకి దిగితే, పక్కవీధి వాళ్ళు కూడా వచ్చి మా వాకిట్లో తిట్ల కోసం వరస కట్టేవాళ్ళు.

అలాంటి మనిషిని ఒక పెరుగన్నం పొట్లం మార్చేసింది.

మామిడి పూతకొచ్చిన రోజుల్లో ఒకనాడు పూతలపట్టు కూడలి దాటీ దాటకముందే బస్సు ఆగిపోయింది. నాయన బస్సును తిట్టాడు, ఇంజనును తిట్టాడు, దిగి నీడకు పోయినవాళ్ళను దిగినందుకూ, దిగనివాళ్ళను దిగనందుకూ తిట్టాడు. దిగనివాళ్ళలో కాషాయం కట్టుకున్న ఒక ముసలి బౌద్ధ భిక్షువు ఉన్నాడు, తమిళ యాసతో తెలుగు మాట్లాడేవాడు. పన్నెండు దాటితే ముద్ద ముట్టని నియమమట, అందుకని అప్పుడే పొట్లం విప్పి, తిట్టి తిట్టి అలిసిన నాయనకు సగం పెట్టబోయాడు. నాయన తిని వచ్చానని వద్దన్నాడు. నువ్వు తీసుకోకపోతే ఈ అన్నం ఎవరిది అని భిక్షువు అడిగాడు. నీదే అన్నాడు నాయన. నీ తిట్లు కూడా అంతే నాయనా, ఇందాకటి నుంచి ఇస్తున్నావు, నేను తీసుకోలేదు అన్నాడాయన. ఇది బుద్ధుడు ఎప్పుడో చెప్పిన మాటేనట. మా నాయనకు మాత్రం పూతలపట్టు ఎండలో కొత్తగా తగిలింది. పదిహేనేళ్ళుగా పంచిన తిట్లలో ఎవరూ తీసుకోనివి ఎన్ని తిరిగొచ్చి మా ఇంట్లో పేరుకొని ఉన్నాయోనని ఆయనకు దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రమే అమ్మ దగ్గర ఖాళీ కాఫీపొడి సీసా అడిగి తీసుకున్నాడు. నోటి నుంచి ఒక్క చెడ్డమాట రాకుండా గడిచిన రోజుకొక చింతగింజ. మాట జారితే సీసా కుమ్మరించి మళ్ళీ ఒకటి నుంచి. వరసగా నూరు గింజలు పడాలని పట్టు. మొదటి నెలలో సీసా ఎనిమిదిసార్లు ఖాళీ అయింది, అందులో ఒకసారి గింజ వేస్తుంటే మూత కాలిమీద పడినందుకు. ఆ తరువాత నిలదొక్కుకున్నాడు. భిక్షువు ఇచ్చిపోయిన చిన్న పుస్తకం జేబులో పెట్టుకొని, అష్టాంగ మార్గంలో ఎనిమిది స్టాపులున్నాయనీ, మంచి చూపు, మంచి తలంపు దాటినాక మంచిమాట అనే మూడో స్టాపులోనే తన బండి మొరాయిస్తోందనీ అందరికీ చెప్పేవాడు.

ఇంట్లో మాకు పంచశీలాలు వచ్చి పడ్డాయి. మా జేజికి, అంటే నాయన వాళ్ళమ్మకు, శీల అంటే తలుపుకు కొట్టే ఇనప శీలే. బంగారం లాంటి కొడుకు నాలుకకు ఐదు శీలలు కొట్టి పంపినాడే ఆ సాములోరు అని వాపోయేది. మధ్యాహ్నం గడపలో కూర్చుని నా తలలో పేలు తీసి ఆమె రెండు బొటనగోళ్ళ మధ్య టప్పుమనిపిస్తే, లోపల నాయన అదిరిపడేవాడు. జీవహింస కూడదని, పేలను కొబ్బరిచిప్పలో వేసుకొని వీధి చివరి గోడవతల వదిలివచ్చేవాడు. ఆ గోడవతల ఇంట్లో నాతో ఆడుకునే పిల్ల ఒకతి ఉండేది. వారంలో ఆ పేలు దాని తలకు ఎక్కాయి, మరో వారానికి నా తలకు తిరిగొచ్చాయి. పునర్జన్మను నేను అప్పుడే నమ్మాను. దొంగతనం కూడదన్న రెండో శీలం నా మీద పడిన దెబ్బ. వామనగుంతలు ఆడడానికి గింజలు చాలక ఒకనాడు సీసాలోంచి నాలుగు తీసి, భయమేసి మర్నాడు ఐదు వేశాను. మూడో శీలం ఏమిటని అడిగితే అమ్మ చారు పొంగుతోందని వంటింట్లోకి పోయింది. చారు ఆరోజు చెయ్యనేలేదు.

లోకంలో దుఃఖం ఉందని బుద్ధుడు కనిపెట్టినాడని నాయన ఒకనాడు సంగటిముద్దలో ఊరిబిండి నంజుకుంటూ చెప్పాడు. జేజి నోట్లో ముద్ద దిగేదాకా ఆగింది.

"దానికి రాజ్జెం ఇడిసిపెట్టి అడివికి పోవల్నా? నన్నడిగింటే నేనే చెప్పిందును గదరా."

చైత్రంలో నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, వేపాకు పరుపు, చప్పిడి కూడు, పిలిస్తే పలకనంత జ్వరం. జేజి గంగమ్మకు మొక్కుకుంది: పిల్ల లేచి తిరిగితే ఈ జాతరలో నా కొడుకు బండ వేషం కట్టి వీధంతా ఇంటింటికీ తిట్టి నీ రుణం తీరుస్తాడు తల్లీ అని. మొక్కుకున్నది ఆమె, తిట్టాల్సింది ఆయన. నేను లేచి తిరిగాను. నా ఒంటి మీద మచ్చలు ఇంకా ఆరక ముందే జాతర వచ్చింది, బండ వేషం నాటికి సీసాలో తొంభై మూడు గింజలు పడ్డాయి. (నా చేతివాటం పోను తొంభై రెండు.) ఇంకొక్క వారం ఆగితే నూరు. ముందురోజు సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, చివరికి జేజే ఎత్తింది.

"మాట తప్పొచ్చని చెప్పినాడా మీ బుద్ధుడు?"

"మొక్కింది నువ్వు గదమ్మా."

"నా నోటితో మొక్కినా, నీ నోటితో తీరస్తానని మొక్కినా. బిడ్డ బతికింది నీదా నాదా?"

నాయన నా వైపు చూశాడు. నేను మచ్చలన్నీ కనబడేలా చేతులు ముందుకు పెట్టుకొని కూర్చున్నాను. ఆయన మాట తప్పితే ఆ పొక్కులు మళ్ళీ నాకే వస్తాయని నా భయం, తిడితే సీసా ఖాళీ అవుతుందని ఇంకో భయం. బుద్ధుడికీ గంగమ్మకూ మధ్య ఎనిమిదేళ్ళ పిల్ల నలిగిపోవడం ఎవరి ధర్మంలోనూ రాసి ఉండదు.

మర్నాడు పొద్దున నాయన తలస్నానం చేసి, కుంకుమ పూసుకొని, పూలదండ చుట్టుకొని, నన్ను చెయ్యి పట్టుకొని బయలుదేరాడు. వీధి వీధంతా వాకిళ్ళలో నిలబడి ఉంది. మొదటి ఇంటి ముందు ఆగి గొంతు సవరించుకొని, పూతలపట్టు దాకా వినబడేలా అందుకున్నాడు. ఎవరిని తిట్టాడనుకున్నారు? లోభాన్ని. దాని పుట్టుపూర్వోత్తరాలు కడిగాడు. రెండో ఇంటి దగ్గర ద్వేషాన్ని, మూడో ఇంటి దగ్గర మోహాన్ని. ఆశను, దుఃఖానికి మొదలు నువ్వే గదే అని, నాలుగు ఇళ్ళ పొడుగునా తిట్టాడు. రాత్రంతా మేలుకొని ఆయన కట్టుకున్న ఉపాయం అది. మనిషిని ఎవరినీ అనలేదు గనక గింజలు భద్రం, నోరారా తిట్టాడు గనక మొక్కు భద్రం.

వీధి మొహం చిన్నబోయింది. టీ అంగడాయన చేతులు కట్టుకొని ఎదురొచ్చాడు.

"ఏందబ్బా, మమ్మల్ని ఇడిసిపెట్టి ఎవురెవుర్నో తిడతా ఉండావు? మాకేం తక్కువైంది?"

నాయన తల వంచుకొని ముందుకు సాగాడు. వీధి కొసన ఉడకబెట్టిన చెనిక్కాయలమ్మే మునెమ్మవ్వ ఇల్లు. మొగుడు పోయి, పిల్లలు లేక, ఒంటిగా ఉండేది. ఆమె అప్పటికే తలకు పోసుకొని, నుదుట బొట్టంత పసుపు పెట్టుకొని, చేతులు జోడించుకొని మెట్టు మీద నిలబడి ఉంది. నాయన మోహాన్ని మళ్ళీ ఒకసారి అందుకోబోయాడు. ఆమె ఆపింది.

"నన్ను తిట్టు నాయనా. నన్ను ఏడాదంతా ఎవురూ ఒక మాటనరు. అనేవోళ్ళు పొయ్యినారు. నువ్వీ దినం తిడితేనే, ఉండాన్లే అనుకుంటా."

నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తీసుకోకుంటే నీకాడే ఉండిపోతాదని చెప్తివి గదా. నేను తీసుకుంటా, ఇయ్యి."

పట్టుకున్న నా చేతిని నాయన వదిలేశాడు. తరువాత, మా వీధి అంతకుముందు ఎన్నడూ ఎరగని రీతిలో, మునెమ్మవ్వను ఆమె అత్తగారి తరం నుంచి మొదలుపెట్టి, పేరు పేరునా, ఊపిరి తీసుకోకుండా తిట్టాడు. తిడుతున్నంతసేపూ ఆయన చెంపల మీద కుంకుమ గీతలుగా కారింది. మునెమ్మవ్వ కళ్ళు మూసుకొని, వానలో నిలబడినట్టు నిలబడింది. అయిపోయినాక రెండు చేతులా కళ్ళకద్దుకొని, నా ఒడిలో దోసెడు చెనిక్కాయలు పోసింది. అప్పటికి టీ అంగడాయన మా వెనకాలే వచ్చి నిలబడి ఉన్నాడు, ఆయన వెనక మిగతా వీధి. నాయన వెనక్కి తిరిగి అందరికీ బాకీ తీర్చాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా సీసా దించి, కుంకుమ చేతులతోనే మూత తిప్పి, తొంభై మూడు గింజలూ నా ముందు కుమ్మరించి, ఆడుకోమన్నాడు. మనుషుల్ని అనలేదని లోభం మీద నెట్టుకుంటూ పోయినప్పుడు కలిగిన సిగ్గు, మునెమ్మవ్వను తిట్టినప్పుడు కలగలేదని అమ్మతో అన్నాడు. అయినా నియమం నియమమే. మర్నాడు ఒక గింజ వేశాడు. జేజి ఆ గింజను చూసి, ఇంకో శీల దిగింది అనుకుంటూ అంబలి కలపడానికి పోయింది.

ఇప్పుడు జాతరకు పోతే వేషాలు కట్టినవాళ్ళు మలుపు మలుపునా ఫొటోలకు నిలబడుతున్నారు, ఎవరు వీడియో తీసి ఎక్కడ పెడతారోనని తిట్లు పెదవుల దగ్గరే తుంపేస్తున్నారు. మునెమ్మవ్వ ఇల్లు ఉన్నచోట నాలుగంతస్తుల లాడ్జి లేచింది. చిత్తూరు బస్సులో బుద్ధుండాదా అని అడిగేవాళ్ళు లేరు, అడిగినా అందరి చెవుల్లోనూ తీగలున్నాయి. పేలు కూడా లేవు, ఎక్కడ పునర్జన్మ ఎత్తాయో.

పోయిన నెల, తమ్ముడింట్లో, నిద్రలోనే నాయన పోయాడు. సీసా ఆయన మంచం పక్కనే ఉంది. నూరు ఆయనకు ఎన్నడూ పడలేదు. అందులో ఉన్నవి పందొమ్మిది. ఫోను తీసి ఆయన పోయిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి చూస్తే, ఆయన చివరిసారి సీసా కుమ్మరించింది ఎవరి పుణ్యానో తెలిసింది. ఆ రోజు నేను ఆఫీసులో ఏదో మీటింగులో ఉండి మూడుసార్లు ఫోను ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తాను.

"నీ జిమ్మడ, అన్నం తింటివా అని అడగాలంటే నాలుగుతూర్లు చెయ్యాల్నా?"

ఈ పొద్దున నేను ఆటో అబ్బాయిని ఒక మాట అన్నాను. సీసా ఇప్పుడు నాది గనక, నియమం ప్రకారం గింజలు కుమ్మరించి ఒకటి నుంచి మొదలుపెట్టాలి. మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను. ఆ పందొమ్మిదిని వదలబుద్ధి కాలేదు. దీన్నే ఆశ అంటారని, దుఃఖానికి ఇదే మొదలని, నాలుగు ఇళ్ళ పొడుగునా నాయన తిట్టింది దీన్నేనని నాకు తెలుసు. నాయన ఉంటే ఇప్పుడు ఇంకో తిట్టు ఇచ్చి ఉండేవాడు. తీసుకుందును.