మూడో పిలుపు

ఆ రోజుల్లో నాకు రెండింటి మీద గట్టి నమ్మకం: బ్యాటరీ మీద, బొట్టు మీద. ఆ రెండూ కలిసి ఒకేసారి నన్ను నట్టేట ముంచాయి (ఏరు కాదు లెండి, ఉప్పుకాలువ). పోర్ట్ బ్లెయిర్‌లో సైనికుల వైర్‌లెస్ సెట్ల బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడం నా మొదటి ఉద్యోగం. నిండినదానికి ఎర్రచుక్క పెట్టాలి, ఖాళీదానికి పెట్టకూడదు. అంతే పని. ఆయుధపూజ నాడు అమ్మ ఇచ్చిన కుంకుమతో గదిలోని ప్రతి బ్యాటరీకీ భక్తిగా బొట్టు పెట్టాను. ఇక ఏది నిండినదో, ఏది నిండుకున్నదో ఆ అమ్మవారికే తెలియాలి.

మర్నాడు వండూర్ ఊరి అవతలి మడ అడవిలో సైనికుల విన్యాసాలు. సెట్టుతో విడిగా వెళ్లే ఒక హవల్దారు గారి వెంట బ్యాటరీలు మోయడానికి నన్ను పంపారు. ఆయనది శ్రీకాకుళం వైపు. మధ్యాహ్నం వేరు తట్టుకుని ఆయన చీలమండ బెణికింది, ఇక నడవలేరు. పోటు తగ్గి కాలువ ఎండేలోపు బోటును పిలవకపోతే, రాత్రంతా మొసళ్లకు పొరుగువాళ్లమే. సెట్టుకు మొదటి బ్యాటరీ బిగించాను, ఉలకలేదు. రెండోది బిగించాను, పలకలేదు.

"ఏట్రా, బొట్టెట్టి తెచ్చినావు? పెళ్లికొచ్చినామా, పోరుకొచ్చినామా?"

"పూజ చేశానండి..."

"అయితే దణ్ణమెట్టు. పలుకుతాదేమో."

నవ్వబోయాను. అంతలో కీచురాళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆకు కదలడం లేదు. బురదలోంచి ఒక బుడగ లేచి పగిలింది. చచ్చిన సెట్టు మీద చిన్న దీపం వెలిగి, సెట్టు గరగరమంది. "ఉన్నావేటి?" అంది, ఎక్కడో దూరం నుంచి, తడిసిన గొంతుతో.

ఆయన మైకు అందుకోబోయారు. నేను చెయ్యి పట్టేసుకున్నాను. "వద్దండీ! మూడోసారి పిలిస్తేనే పలకాలని మాయమ్మ చెప్పింది. నీట్లో పోయినోళ్లు ఒకటి రెండుసార్లే పిలుస్తారంట!"

"నీ మూడోసారి మండా! వదల్రా!"

రెండో పిలుపు రాలేదు. సెట్టు మీది దీపం ఆరిపోయింది.

ఆరిన బ్యాటరీ కాసేపు విశ్రాంతి తీసుకుంటే రవ్వంత ఊపిరి పోసుకుంటుందని (మనిషిలాగే) అప్పుడు గుర్తొచ్చింది. పావుగంట ఆగి మొదటిదాన్నే మళ్లీ బిగించాను. "క్రీక్ పే బోట్ భేజో" అని ఆయన బోటు పంపమన్నారో లేదో, అదీ ఆరింది.

నీళ్లు మోకాలి లోతుకు దిగాక బోటు వచ్చింది. అందులో మా కబురు అందుకున్న ఆపరేటరూ ఉన్నాడు. అంతకుముందు తెలుగులో పిలిచింది నువ్వేనా అని హవల్దారు గారు అడిగారు.

"తెలుగా? ముఝే కహాఁ ఆతీ హై, భయ్యా!" అన్నాడతను, తనకు తెలుగే రాదని.

జెట్టీ దగ్గర దిగాక హవల్దారు గారు మెల్లగా అన్నారు: "మీయమ్మకి నా దణ్ణాలని చెప్పు."

ఇప్పుడు నాకు పోర్ట్ బ్లెయిర్‌లోనే, అబర్డీన్ బజార్‌లో ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టుంది. బొట్టు చార్జింగ్ అయ్యాకే పెడతాను. ఫోను మాత్రం మూడో రింగు మోగితే గాని ఎత్తను. ఒక్కోసారి రెండుతోనే ఆగిపోతుంది. అప్పుడు మడ అడవిలో బిక్కచచ్చి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. తిరిగి ఆ నంబరుకు మాత్రం చెయ్యను.