పసుపు పూసిన నీటిచుక్క

నిన్న మిల్లులో పసుపు ఆడిస్తుంటే, ఆ ఘాటుకి పుంగనూరులో మా అవ్వ ఇల్లు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ ఆపరేషన్ చేయించుకుని మదనపల్లె ఆసుపత్రిలో ఉంది. "నా కూతురు నీళ్లచుక్క మాదిరి అయిపోయుండాది, తాకితే చెదిరిపోయేట్టుండాది" అని అవ్వ పక్కింటామెతో అంటుంటే విన్నాను.

ఆ రోజే అవ్వ పసుపు జల్లిస్తుండగా నా తడి చేతి నుంచి ఒక చుక్క అందులో పడింది. అది ఇంకిపోలేదు. చుట్టూ పొడి అంటించుకుని పసుపు పూసలా దొర్లింది. మెల్లగా అరచేతిలోకి తీసుకున్నా పగల్లేదు.

"యాల పగల్లేదవ్వా?"

"పసుపు సుట్టూ కప్పుకోనుండాది కదమ్మా. అందుకే గట్టిగుండాది."

మరునాడు ఆసుపత్రికి పోతూ గౌను జేబు నిండా పసుపు పోసుకున్నాను. అమ్మ నిద్రపోతుంటే పాదాల నుంచి మోకాళ్ల దాకా పూసేశాను. నర్సు చూసి తుడవబోయింది. ఆ అలికిడికి అమ్మ కళ్లు తెరిచింది.

"యాల పూసినావమ్మా?"

"నువ్వు చెదిరిపోకుండా."

అమ్మ నర్సు చెయ్యి పట్టుకుని, "ఉండనీమ్మా, నా బిడ్డ పూసింది" అంది.

ఆ పొడి పూత చుక్కని దొర్లుతున్నంతవరకే కాపాడుతుందనీ, గట్టిగా నొక్కితే పగులుతుందనీ పెద్దయ్యాక తెలిసింది. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక చూడవచ్చిన వాళ్లందరికీ నా పసుపుతోనే లేచి తిరుగుతున్నానని చెప్పింది. నేను చాలా ఏళ్లు అదే నమ్మాను. కాదని ఆమె ఒక్కసారీ అనలేదు.