ఏకాదశి నాటి కర్రపెండలం

చిన్నప్పుడు మా ఇంట్లో కొని తెచ్చిన తినుబండారం చూసిన గుర్తు లేదు. నోరు ఏది అడిగినా ముందు పెరట్లోకి వెళ్ళి చూసుకోవాలి. కొబ్బరికాయ ముదిరితే లౌజుండలు. పనసతొనలు అయిపోతే పిక్కలు దాచి కుంపట్లో కాల్చుకునేవాళ్ళం. గుమ్మడిగింజలు గోడ మీద ఎండబెట్టి, మధ్యాహ్నం పూట గోటితో ఒలుచుకుంటూ కూర్చుంటే అదే కాలక్షేపం. తాటిటెంకలు పాతర వేసి తేగలు తీసుకున్న రోజు ఇల్లంతా పండగే. ఇంత పెట్టిన ఆ నేలకి, ఆ చేతులకి ఎంత దణ్ణం పెట్టినా చాలదు.

అయినా ఇంట్లో పండించి ఇంట్లో వండిన తిండి అని ఎవరైనా ముచ్చటగా చెబుతుంటే, నాకు ముందుగా గుర్తొచ్చేది రుచి కాదు, భయం. అది నా పన్నెండో ఏట పట్టుకున్న భయం.

అవి యుద్ధం రోజులు. పంచదార, కిరసనాయిలు, బట్ట, అన్నీ కంట్రోలు, తలకింతని కొలిచి ఇచ్చేవారు. కొత్తపేట దగ్గర పల్లెటూళ్ళో ఉండేవాళ్ళం. నాన్నగారు, అమ్మ, బామ్మ, నేను. నన్ను బడికి పంపలేదు. నాన్నగారు చదువు చెబితే, బామ్మ వంటా మడీ నేర్పింది.

బామ్మ అంటే నాన్నగారి తల్లి. చిన్న వయసులోనే భర్త పోయాడు. అప్పటినుంచీ ఏకాదశి నాడు గింజ ముట్టేది కాదు. పాలు, పండు, దుంప, అంతే. కందో, పెండలమో, చిలగడదుంపో ఉడికించి స్వామికి నైవేద్యం పెట్టి, మధ్యాహ్నం ఒక్కసారి తినేది. ఆ ఏడు వానలకి పెరట్లో దుంపలన్నీ కుళ్ళిపోయాయి. వరసగా నాలుగు ఏకాదశులు బామ్మ పాలతోనే సరిపెట్టుకుంది. సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మాకు మిగిలింది నేను నాటిన కర్రపెండలం ఒక్కటే. వానలకు ముందే మా పశువులశాల తుడిచే ఆవిడ నాలుగు కర్రముక్కలు తెచ్చి ఇచ్చింది. వాళ్ళ అక్క ఊరు గోదావరికి అవతల మెట్టలో.

"ఇదేమిటి, కందికంపలా ఉంది?" అన్నాను.

"కర్రపెండలం అండి, అమ్మాయిగారూ. ఇలా గుచ్చేత్తే సాలండి, కింద దుంప ఊరతాది. బియ్యం దొరక్క మా అక్కోళ్ళు ఇయ్యే తింటన్నారండి."

"ఎలా వండుకోవాలి?"

"తొక్క తీసి, ముక్కలు కోసి, రాత్రంతా నీళ్ళల్లో పడెయ్యాలండి. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి వేరే నీళ్ళల్లో ఉడకెయ్యాలి. మూత మటుకు పెట్టకూడదండి."

"ఎందుకూ?"

"ఏమోనండి. మా అక్క అలాగే సేత్తాది. నేనడగలేదండి."

అమ్మ ఆ కర్రల్ని చూసి మొహం చిట్లించింది. "ఊరూ పేరూ తెలియని దుంప ఇంట్లోకెందుకే? కావాలంటే పాతుకో. పొయ్యి మీదకి మాత్రం తేకు."

"పేరు తెలియకపోవడమేం, పెండలం అంటోందిగా," అంది బామ్మ. "పెండలం ఏకాదశికి పనికొస్తుంది. సరదా పడుతోంది, పాతుకోనియ్యవే."

నాకు ఆ మాట చాలింది. పేరులో పెండలం ఉంది కాబట్టి అది మన పెండలానికి చుట్టమే అనుకున్నాను. బావి పక్క మట్టిదిబ్బ మీద గుచ్చి రోజూ నీళ్ళు పోశాను. విప్పిన అరచేతుల్లాంటి ఆకులతో అది నా ఎత్తు దాటింది.

మాఘమాసంలో ఏకాదశి వచ్చింది. నాన్నగారు కంట్రోలు కాగితాల పనిమీద అమలాపురం వెళ్ళారు, చీకటి పడితే గాని రారు. అమ్మ బయట చేరింది, ఆ మూడు రోజులూ ఇంట్లోకి రాకూడదు. వెనక వసారాలో విడిగా కూర్చుంది. అందుకని వంటిల్లు నా చేతిలో పడింది. అంతకన్నా సంబరం నాకు ఇంకేం కావాలి? అమ్మకి చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

ముందురోజు సాయంత్రం దుంప తవ్వి, ముక్కలు కోసి నానబెట్టాలని గుర్తుంది. మరిచిపోయానని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. గుర్తుండే మానేశాను. రాత్రంతా నీళ్ళలో నానిన ముక్క పొద్దుటికి చద్దిది అవుతుంది, చద్దిది స్వామికి పెట్టకూడదు. బామ్మ నేర్పిన మడి అదే. పశువులశాల తుడిచే ఆవిడకి మన నైవేద్యం సంగతి ఏం తెలుసు అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏకాదశి పొద్దున్నే దుంప తవ్వాను. తలారా స్నానం చేసి, తడిబట్టతో వంటింట్లోకి వెళ్ళి, తొక్క తీసి ముక్కలు తరిగాను. పాలలా తెల్లగా ఉన్నాయి. కంద అయితే దురద ఉంటుందని, తొక్క ముక్క ఒకటి చేతి మీద రుద్ది చూసుకున్నాను. దురద లేదు. ఇంక భయం లేదనుకున్నాను. ఇత్తడి గిన్నెలో మడినీళ్ళు పోసి ఉడికించాను. పైనుంచి బల్లి పడుతుందేమోనని మూత పెట్టాను. ఆ నీళ్ళు ఇగిరేదాకా ఉంచి, బెల్లం, కొబ్బరి తురుము, యాలకులపొడి వేసి కలియబెట్టాను. వాసన పూర్ణంలా వచ్చింది. నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు కనుక నాలుక మీద వేసుకోలేదు.

బామ్మ పూజ ముగించి నైవేద్యం పెట్టి, ఆకు ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. దవడ ఒక్క క్షణం ఆగింది.

"ఎలా ఉంది బామ్మా?"

"స్వామి ఆరగించింది ఎలా ఉంటుందే? బాగుంది."

మెల్లిగా ఆకు ఖాళీ చేసింది. నేను గిన్నె వైపు చెయ్యి చాపబోతే, "నువ్వు ముట్టుకోకు. మిగిలినదీ నాదే," అంది. ఎప్పుడూ తన ఆకులోంచి తీసి నాకు పెట్టే మనిషి ఆ మాటనడం చూసి, అంత నచ్చిందన్న మాట అనుకుని పొంగిపోయాను.

రెండు గడియలు గడవలేదు. బామ్మ చాప కూడా పరుచుకోకుండా నేల మీద పడుకుంది. "తల తిరుగుతోందే, ఏమీ లేదు," అంది. నుదుటి మీద చెమట. మాఘమాసపు చలిలో చెమట. ఊపిరి పరుగెత్తి వచ్చిన మనిషిలా ఆడుతోంది. నోట్లో నీళ్ళూరుతుంటే కొంగుతో తుడుచుకుంటోంది.

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలోంచి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు బెల్లం, తరవాత కొబ్బరి, వాటి కింద చేదు. నాలుక మొదట్లో పట్టుకుని వదలని చేదు. పెరట్లోకి పోయి ఉమ్మేశాను.

వసారాలోంచి అమ్మ అడిగింది. "ఏమే, మీ బామ్మ మాట వినపడటం లేదు. పడుకుందా?"

"తల తిరుగుతోందిట."

"ఏం తింది?"

నా నోరు "పాలు" అంది. నేను అనమనలేదు. అదే అంది.

అమ్మ పశువులశాల ఆవిడని కేకేసి, వీధి చివర వైద్యుడుగారిని పిలుచుకు రమ్మంది. ఆయన వచ్చి బామ్మ చెయ్యి పట్టుకుని నాడి చూశారు.

"ఏం పుచ్చుకున్నారమ్మా ఇవాళ?"

బామ్మ కళ్ళు తెరిచి నావైపు చూసింది.

"పాలు తాగేను నాయనా. అరటిపండు తిన్నాను. ఏకాదశి కదా."

ఏకాదశి పూట, స్వామి గదికి ఎదురుగా, బామ్మ అబద్ధమాడింది. అది నాకోసమే. ఆ గిన్నె మీద చెయ్యి వెయ్యనివ్వకపోవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. మొదటి ముద్దకే ఆవిడకి తెలిసింది.

"పైత్యం అండి," అన్నారాయన, వెనక గుమ్మం వైపు తిరిగి అమ్మతో. "ఉపవాసం పడటం లేదు. అల్లం రసం పట్టండి, పడుకుంటే తగ్గుతుంది." చెప్పులు వేసుకుని వీధిమెట్లు దిగుతున్నారు. నాకు కనిపిస్తున్నది ఆయన వీపు. ఆ వీపు సందు తిరిగితే ఇంక బామ్మ లేదు. నేను చెబితే, స్వామికి విషం పెట్టిన పిల్లనని ఊరంతా అంటుంది. రెండు భయాల మధ్యా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆయన మూడోమెట్టు దిగి నేల మీద కాలు పెట్టారు. పరుగెత్తాను.

"అబద్ధమండీ. కర్రపెండలం తింది. నేనే వండి పెట్టేను."

ఆయన వెనక్కి తిరిగారు. అరుగు పక్కనున్న పశువులశాల ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రాత్రి నీళ్ళల్లో ఏసేరాండి?"

"లేదు."

"మూత?"

"పెట్టేను."

"అయ్యో తల్లీ," అంది. ఆ దుంపలోని విషం నానిన నీళ్ళలోకీ, ఆవిరిలోకీ పోవాలని నాకు తరవాతెప్పుడో తెలిసింది.

వైద్యుడుగారు చెప్పులతోనే లోపలికి వచ్చారు. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలిపి చెంబుతో తెమ్మన్నారు. "కడుపులోది బయటికి రావాలమ్మా. తాగండి."

బామ్మ పళ్ళు బిగించింది. "ప్రసాదం కక్కమంటావా నాయనా? నావల్ల కాదు. స్వామికి పెట్టింది."

"ప్రాణం మీదకొచ్చినప్పుడు దోషం లేదండి."

"నీకు లేదేమో. నాకుంది."

ఆయన బతిమాలారు. నేను కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఊపిరి మరీ చిన్నదవుతోంది. అప్పుడు వెనక గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మ గడప దాటింది. ఆ మూడు రోజుల్లో అమ్మ గడప దాటడం నేనెన్నడూ చూడలేదు. తిన్నగా వచ్చి నేల మీద కూర్చుని, బామ్మ తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని ముట్టుకున్నాను. మీ మడి పోయింది, ఏకాదశీ పోయింది. ఇంక దేనికి దాచుకుంటారు, తాగండి."

బామ్మ కళ్ళు పెద్దవి చేసి చూసింది. పెదవి కాస్త వంగింది. "ఎంత పని చేసేవే, గడుగ్గాయీ," అని నోరు తెరిచింది.

మూడుసార్లు డోకింది. తెల్లటి ముక్కలు అరగకుండానే పడ్డాయి. వైద్యుడుగారు అవన్నీ చూసి, బెల్లంనీళ్ళు గుటక గుటకగా పట్టమని చెప్పి అరుగు మీద కూర్చున్నారు. "సాయంత్రం దాకా చూద్దాం," అన్నారు. బాగవుతుందని అనలేదు.

నేను గది గుమ్మంలో కూర్చుని బామ్మ రొమ్ము లేచి పడటం చూస్తున్నాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఏ కొంచెం ఆలస్యమైనా మోకాళ్ళ మీద లేచి చూసేదాన్ని. ఎదురుగా స్వామి గది. దణ్ణం పెడదామని చేతులెత్తి దించేశాను. ఆ దుంప ముందు తిన్నది ఆయనే. ఏ మొహం పెట్టుకుని ఆయన్ని అడగను? అయినా అడిగాను, మాటలు లేకుండా. ఇన్నేళ్ళలో ఎన్నో పూజలు చేశాను గాని, అంత భయంతో, అంత నిజంగా ఆయన్ని ఎన్నడూ పిలవలేదు.

పొద్దు వాలేవేళకి ఊపిరి నెమ్మదించింది. చెమట ఆరింది. వైద్యుడుగారు నాడి చూసి, "గట్టి మనిషండి," అని లేచారు. డబ్బు పుచ్చుకోలేదు. ఆయన్ని, గడప దాటిన అమ్మని, ముందే చెప్పి పెట్టిన ఆ పశువులశాల ఆవిడని రోజూ పూజలో తలుచుకుంటాను. అమ్మ నూతి దగ్గర స్నానం చేసి మళ్ళీ వసారాలోకి వెళ్ళిపోయింది.

బామ్మ కళ్ళు తెరిచింది. "నోరెండిపోతోందే. కాసిని పాలియ్యి."

పాలు కాచి గ్లాసులో పోసి తెచ్చాను. మా ఆవు పాలు. నా ఎదురుగా పితికినవి. అయినా చెయ్యి ముందుకు రావడం లేదు.

"పాలేనుటే?"

"పాలే, బామ్మా."

"మరేం?"

బామ్మ గ్లాసు వైపు, తరవాత నావైపు చూసింది.

"నువ్వో గుక్క తాగి ఇయ్యి."

"ఎంగిలవుతాయి."

"అవనీ."

కొడుకు చెయ్యి తగిలితేనే మళ్ళీ స్నానం చేసే మనిషి. నేను ఒక గుక్క తాగాను. తియ్యగా ఉన్నాయి. నా కడుపులో ఏమైనా అవుతుందేమోనని గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఎంతసేపే, మీగడ కట్టేస్తోంది," అని బామ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, నేను తాగిన అంచునే నోటికి ఆనించుకుంది.

దీపం వేళయిందని వసారాలోంచి అమ్మ పిలుస్తోంది. రెండుసార్లు పిలిచింది. నేను బామ్మ గొంతు వైపు చూస్తూ, ఒక్కొక్క గుటక కిందికి దిగేదాకా ఆగుతూ, అక్కడే ఉండిపోయాను.