తిప్పి చూడని పలక

ఒకే బల్లకు అటు అన్న, ఇటు చెల్లెలు. ఖగోళశాలలో కొలతల గదిలో వాళ్లిద్దరికీ ఉద్యోగం. నక్షత్రాల పేరు చెప్పుకుని బతికారన్న మాటేగానీ, పగలంతా తల వంచుకుని ఆకాశం ఫోటోలున్న గాజు పలకలే చూసేవారు. అన్నగారిని ఆఫీసులో అందరూ ‘వెంట్రుకవాసి’ అనేవారు. అంతకు మించి తేడా వస్తే సహించడని. పైకి కసురుకునేవాడుగానీ, ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా గర్వం.

పని చెప్పడానికి తేలికే. కొన్ని చుక్కలను ఇవాళ ఫోటో తీస్తారు, ఆరు నెలలాగి మళ్లీ తీస్తారు. ఈలోగా భూమి సూర్యుడికి అవతలివైపు చేరుతుంది కాబట్టి, దగ్గరున్న నక్షత్రం దూరపు చుక్కల మధ్య రవ్వంత జరిగినట్టు కనిపిస్తుంది. ఎంత ఎక్కువ జరిగితే అంత దగ్గరన్నమాట. అయితే ఎంతటివాడి కన్నయినా కొలిచేటప్పుడు కాస్త ఒక పక్కకు లాగుతుంది. అందుకని ఒకసారి కొలిచాక పలకను తలకిందులుగా తిప్పి మళ్లీ కొలవాలి. రెండింటి సగటు తీస్తే ఆ లాగుడు కొట్టుకుపోతుంది.

ఒక మధ్యాహ్నం చెల్లెలి కొలతలో ఒక చుక్క మరీ విపరీతంగా జరిగింది.

“నీ కన్ను పక్కకి లాగుతోందమ్మా,” అన్నాడు అన్న.

“తిప్పి కూడా చూశానన్నయ్యా. రెండుసార్లూ అంతే వచ్చింది. ఒక్కసారి నువ్వు చూడు.”

చూడలేదు. గదిలో నలుగురూ వింటున్నారు, చూస్తే పెద్దరికం ఏమైపోను! రిజిస్టర్లో ‘కొలిచినవారి పొరపాటు’ అని రాసి, సంతకం గీకి పడేశాడు. నెల తిరక్కుండా ఆమెను చీటీలు అతికించే పనికి మార్చారు. తరువాత్తరువాత సూదిలో దారం ఎక్కించినా, మందుసీసా మీద తేదీ చదివినా, పక్కవాళ్లకు చూపించి సరేననిపించుకునేది. చాదస్తమని అన్న కూడా వేళాకోళం చేశాడు.

ఇరవై రెండేళ్లకు పాత పలకలన్నీ యంత్రంలో పెట్టి కొలిచారు. యంత్రానికి మొహమాటాలూ పెద్దరికాలూ ఉండవు. ఆ చుక్క ఆమె చెప్పినంతే జరిగింది. తరువాతి ఏళ్ల పలకల్లో అది అటూ ఇటూ ఊగుతూనే, ఏడాదికేడాది ఒకే దిక్కుకు సాగిపోయింది కూడా; మరీ దగ్గరున్న నక్షత్రం తీరే అంత. ఆ పలకలు అన్నేళ్లూ ఆయన కుర్చీ వెనక బీరువాలోనే ఉన్నాయి. ఒక్కనాడు లేచి తలుపు తీసినా సరిపోయేది. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది.

ఆ సాయంత్రమే యంత్రం ఇచ్చిన కాగితం పట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్లాడు. ఆమె దుప్పటి అంచు కుట్టుకుంటోంది.

“ఆ చుక్క నిజమేనమ్మా. నీ కొలతే సరైంది. తప్పు నాది.”

ఆమె కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని దగ్గరకు పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఆఖరి అంకె మీద వేలుంచి చాలాసేపు చూసింది.

“ఇది ఏడేనా అన్నయ్యా?”

“ఏడేనమ్మా. నువ్వు రాసిందీ ఏడే.”

“ఒక్కసారి నువ్వు చూడు,” అంటూ కాగితం ఆయన చేతికిచ్చింది. “నా కన్ను పక్కకి లాగుతుంది కదా.”