మా మరిది పెంచిన చేదు పువ్వు తీగ

చెన్నూరు ఆడబిడ్డా, నీ మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకొని ఎక్కు, ఎవరూ చూడడం లేదు కదా అని దూకకు. అన్నయ్యగారూ, షుగర్ పరీక్ష చేయించారా, లేక బాగానే ఉంది అని మీకు మీరే చెప్పుకుంటున్నారా? దుబాయిలో ఉన్న అల్లుడూ, ఎండ తగ్గిందా, నీళ్లు తాగుతున్నావా? చిన్న మనుమడి చెవి పోటు తగ్గిందా? నిర్మల్‌లో ఉన్న తోటికోడలా, మా యారాలా, నీకు నిద్ర పడుతున్నదా? నీ బాగోగులు అడగడానికే నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకో కింద రాస్తాను.

ఉత్తరమైనా ఫోనైనా ఇట్లా అందరినీ వరుసగా అడగడం నాకు అలవాటు. ఎప్పుడూ చివర అడిగే మనిషి మా మరిది. ఈసారి అడగడానికి లేదు. పోయిన నెల ఆయన పోయాడు.

ఆ పొద్దున నేను కరీంనగర్‌లో మా బిడ్డ ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. ఫోన్ వచ్చింది. మా బిడ్డ మాట్లాడి, ముందు వంటింట్లోకి పోయి గ్యాస్ ఆపి, తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడే నాకు అర్థమైంది. గుండె నొప్పి వచ్చిందట, ఆటో ఎక్కించేలోపే అయిపోయిందట. నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. ‘ఇంక ఆయనకు చెప్పడానికి లేదు’ అనుకున్నాను.

నెల మాసికం నాటికి చిన్న పుస్తకం అచ్చు వేయించి చుట్టాలందరికీ ఇస్తానని, తలా ఒక ముచ్చట రాయమని మా మరిది బిడ్డ అడిగింది. నేను మూడో తరగతి దాకానే చదివాను. మా మనుమరాలు తప్పులు దిద్దుతున్నది. మాటలు మాత్రం నావే.

మా మరిది ఇరవై ఏండ్లు బహ్రెయిన్‌లో ఒక హోటల్లో పని చేశాడు. మొదట గిన్నెలు కడిగాడు, తర్వాత సామాన్ల గదికి పెద్ద అయ్యాడు. అక్కడ ఆయనతో పాటు హిమాచల్ కొండల మనిషి ఒకాయన వంట చేసేవాడు. వాళ్ల ఊళ్లో హాప్స్ అనే తీగను పొలాల్లో వేస్తారట. దాని పువ్వు చేదు. బీరుకు ఆ చేదు, ఆ వాసన ఆ పువ్వుతోనే వస్తాయట. మా మరిది పని మానేసి నిర్మల్ వచ్చేసిన చలికాలం ఆ స్నేహితుడు తడి కాగితంలో చుట్టి వేలెడంత వేరు ముక్క పార్సిల్‌లో పంపాడు. అన్నదమ్ముల రెండు ఇండ్లకూ ఒకటే పెరడు. ఆ పెరట్లో, మా వంటింటి కిటికీ ఎదురుగా దాన్ని నాటాడు.

అది మొలిచిన రోజు నుంచి మా మరిదికి వేరే లోకం లేదు. సుతిలి తాళ్లు పేని మిద్దె దాకా కట్టాడు. తీగ ఎప్పుడూ ఒక్క దిక్కే చుట్టుకుంటుంది, మనం వేరే దిక్కు తిప్పితే తెల్లారేసరికి విడిచిపెడుతుంది. దాని మొండితనం చూసి మురిసిపోయేవాడు. పొద్దున్నే టైలర్ టేపుతో కొలిచి, బొగ్గుతో గోడ మీద గీత పెట్టేవాడు. ఒక్కోనాడు జానెడు పెరిగేది.

అది చల్లని దేశాల తీగ. మన నిర్మల్ ఎండలకు ఆకులు వాడిపోయేవి. జ్యూస్ బండి దగ్గర ఐస్ గడ్డలు తెచ్చి, గోనెసంచిలో చుట్టి మొదట్లో పెట్టేవాడు. మా యారాలు నాతో చెప్పుకొని నవ్వేది: “నేనొక్క ఐస్ క్రీం అడిగితె గొంతు నొస్తదన్నడు. దానికి మాత్రం దినాం ఐసే.” రెండేండ్లు ఆకులే, పువ్వు లేదు. పొద్దు చాలా సేపు ఉంటే తప్ప అది పువ్వు పుయ్యదని ఆ కొండల మనిషి ఫోన్లో చెప్పాడట. ఇంకేముంది, మునిమాపు నుంచి అన్నాలు తినే దాకా తీగ దగ్గర పెద్ద బల్బు. ఎదురింటి పంతులమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, తీగెకు ట్యూషన్ పెట్టించినవా అన్నా అని అడిగింది. మా మరిది కూడా ఏమీ తగ్గకుండా, ఫీజు కట్టిన, ఇగ పాసైతే చాలమ్మా అన్నాడు.

నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. నాకు అన్నింటికీ భయమే. బల్బు తీగ తడిస్తే కరెంటు కొడుతుందని భయం, ఆయన అనుకున్నట్టు ఆ పువ్వుతో ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజ్ వాళ్లు వస్తారని భయం. ఒకనాడు అదే అడిగాను. దానికి మా మరిది అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“రెండే గిలాసలు వదినె. ఒకటి అన్నకు, ఒకటి నాకు. దీనికే జైలంటె పోయస్త, నువ్వు జర అన్నం డబ్బా పంపు.”

అన్నకు ఎందుకో చెప్పాలి. పెండ్లి కాకముందు నుంచీ అన్నదమ్ములిద్దరూ దసరా నాడు జమ్మి చెట్టు దగ్గర నుంచి వచ్చి, పక్కపక్కన కూర్చొని కల్లు తాగేవాళ్లు. బహ్రెయిన్ పోయాక ఆ ముచ్చట తెగిపోయింది. తిరిగి వచ్చేసరికి మా ఇంటాయనకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, మాట ముద్దయింది. బయట దొరికే కల్లు, సారా ముట్టొద్దని డాక్టర్ చెప్పాడు. కనీసం తన చేత్తో చేసింది ఒక్క గిలాస, ఒక్క దసరాకు అన్నతో కలిసి తాగాలని మా మరిది కోరిక. ఆయన పెద్ద కోరికలు కోరిన మనిషి కాదు.

మూడో ఏడు వానాకాలంలో పూసింది. పువ్వంటే రంగురంగుల పువ్వు కాదు. వేలి గణుపంత ఆకుపచ్చ మొగ్గ, పొలుసు మీద పొలుసు. అన్నీ కలిపి రెండు గుప్పిళ్లు కూడా ఉండవు. మా మరిది ఒకటి తెంపి అరచేతిలో నలిపాడు. పసుపు పొడి లాంటిది అంటుకుంది. మంచం దగ్గరికి పోయి అన్న ముక్కు దగ్గర పెట్టాడు. మా ఇంటాయన వాసన చూసి, సగం మూతితో నవ్వి, “చేదురా” అన్నాడు. చాలా రోజుల తర్వాత నాకు స్పష్టంగా అర్థమైన మాట అది.

“చేదుండాలె అన్నా. చేదు లేకుంటే అది ఉత్త జొన్న గంజే,” అన్నాడు మా మరిది.

జొన్నలు నానబోసి, మొలక కట్టి, ఎండబెట్టి డబ్బాలో పెట్టుకున్నాడు. మిద్దె మీద కాకులు రాకుండా నేనే కాపలా కూర్చున్నాను. పువ్వులు తీగ మీదే ఇంకా ఎండి కాగితంలా గలగలమనాలని, మరో పది రోజులు ఆగాలని అన్నాడు. ఆ పది రోజుల్లోనే ఆయనకు కంటి శుక్లం ఆపరేషన్ వచ్చింది. యారాలు, ఆయన కరీంనగర్ పోయారు. తీగను నాకు అప్పజెప్పారు. నీళ్లు పొయ్యి వదినె, అంతకన్న ఏం చెయ్యకు అని చెప్పిపోయాడు.

రెండో రోజు ఒక కానిస్టేబుల్ వచ్చాడు. వెనక సందులో అద్దెకున్న వాళ్ల ఇల్లు ఎక్కడ అని అడగడానికి వచ్చాడు, అంతే. పోతూ పోతూ తీగను చూసి, గిదేం తీగెనమ్మా అన్నాడు. నా నోటికి కాకర అని వచ్చింది. కాయలు లేవేంది అన్నాడు. ఇంకా కాయలేదు సారూ అన్నాను. ఆయన బండెక్కి పోయాడు. నా భయం మాత్రం పోలేదు.

అప్పుడు కంది చేన్ల మధ్య గంజాయి పెంచుతున్నారని, పట్టుకున్నారని పేపర్లలో వస్తుండేది. అల్మారాలో పరిచిన పాత పేపర్‌లో అటువంటి ఫోటో ఒకటి ఉంది. దాన్ని తీసుకొని పెరట్లోకి పోయి తీగ ఆకు పక్కన పెట్టి చూశాను. వేళ్లు వేళ్లుగా ఆకు, అంచులకు రంపం పండ్లు. భయం పట్టిన కండ్లకు రెండూ ఒకటే అనిపించాయి. చల్లగా ఉంచడం, బల్బు వెలిగించడం, దూరం నుంచి వేరు పార్సిల్‌లో రావడం, అన్నీ కలిపి చూసుకున్నాను. మా మరిదిని ఆ కొండల మనిషి మోసం చేశాడని నిశ్చయం చేసుకున్నాను. కంటికి పట్టీతో మా మరిదిని జీపెక్కిస్తున్నట్టు కండ్ల ముందు కనబడింది.

ఒక్క ఫోన్ చేసి ఆయననే అడిగితే అయిపోయేది. ఫోన్లు పోలీసులు వింటారని భయపడి చెయ్యలేదు.

కొడవలి తీసుకొని తాళ్లతో సహా తీగను కోశాను. గడ్డపారతో మొదలు తవ్వి వేరు తీశాను. మళ్లీ మొలవొద్దని గుంతలో మసిలే నీళ్లు పోశాను. అంతా కట్టెల పొయ్యిలో పెట్టాను. మా ఇంటాయన మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ఎడమ చెయ్యి ఊపాడు. ‘వద్దు, వద్దు’ అన్నాడు. ఆ రోజు ఆ మాట కూడా స్పష్టంగానే వచ్చింది. నేను విననట్టు చేశాను.

నాలుగో రోజు మా మరిది నల్లద్దాలు పెట్టుకొని వచ్చాడు. నేరుగా పెరట్లోకి పోయాడు. చెదలు పట్టిందయ్యా, నేనే పీకి పారేసిన అని చెప్పాను. ఆయన గుంత దగ్గర కూర్చున్నాడు. మట్టి చేతిలోకి తీసుకొని చూశాడు. మిద్దె నుంచి వేలాడుతున్న తాడు కొస పట్టుకొని, నల్లద్దాలు పైకెత్తి, బాగున్న కంటితో చూశాడు.

“చెదలు వేరు తింటయి వదినె,” అన్నాడు మెల్లగా. “తాడు కొయ్యయి.”

ఆయన లేచి చేతులు దులుపుకొని, “అన్న అన్నం తిన్నడా?” అని అడిగి లోపలికి పోయాడు.

అంతే. మళ్లీ ఏనాడూ ఆ మాట తీయలేదు. అడిగిన వాళ్లందరికీ చెదలనే చెప్పాడు. మా యారాలు మాత్రం ఊరుకోలేదు. మందు కొట్టుమంటె కొట్టకపోతివి, మూడేండ్ల కష్టం మట్టిల కలిపితివి అని మొగుణ్ని తిట్టింది. మా మరిది తల వంచుకొని, నాదే తప్పు అన్నాడు. నేను అక్కడే కూర్చొని బెండకాయలు తరుగుతున్నాను. యారాలా, ఆ తిట్లు నాకు రావలసినవి.

ఆ దసరాకు మా మరిది మొలక జొన్నలు పిండి పట్టించి అంబలి కాచాడు. రెండు గిలాసల్లో పోసుకొని అన్న పక్కన కూర్చున్నాడు. అన్న గదువ కింద తువ్వాల పెట్టి చెంచాతో తాగించాడు. గిది తియ్యగనే ఉన్నది అన్నా అన్నాడు. నేను వంటింట్లోకి వచ్చేశాను. ఆ చలికాలమే మా ఇంటాయన పోయాడు.

మరుసటి ఏడు ఆ కొండల మనిషి మళ్లీ వేరు పంపుతానని ఫోన్ చేశాడు. మా మరిది హిందీలో మాట్లాడుతున్నాడు. నాకు రాదనుకున్నాడేమో. వద్దు భాయ్, మా ఇంట్లో పెద్ద మనిషి ఉన్నది, పరేషాన్ అవుతుంది అన్నాడు. నా వయసు వాళ్లెవరైనా ఇది చదివితే చెప్పండి, అటువంటి మాట చాటుగా విన్నాక మనిషి ఏం చెయ్యాలి? నేను పోయి బట్టలు మడత పెట్టాను.

నేను కరీంనగర్ వచ్చాక ఒకసారి నా మనుమరాలు ఫోన్లో వెతికి చూపించింది. అది గంజాయికి దూరపు చుట్టమేనట, కానీ ఆ మత్తు దానిలో లేదట. చుట్టం చేసిన పాపానికి దాన్ని కొట్టినట్టయింది. ఎవరూ లేని చోట కూర్చొని ఏడ్చాను.

మా మరిది ఏడాదికొకసారి కంటి పరీక్షకు కరీంనగర్ వచ్చేవాడు. మా దగ్గరే తినేవాడు. చెయ్యి కడుక్కుంటూ ప్రతిసారీ నన్ను అడిగేవాడు: “ఇయ్యాల ఫికర్ ఏంది వదినె?” అది నా భయాలను ఆటపట్టించడమే. కానీ మొన్నటి వానాకాలం వచ్చినప్పుడు నవ్వకుండా అడిగాడు. నిజం నోటి దాకా వచ్చింది. గ్యాస్ పైపు పాతదైందయ్యా అని చెప్పాను. ఆయన పోయి పైపు చూసి, బాగానే ఉందని చెప్పి, అయినా బజారుకు పోయి కొత్తది తెచ్చి బిగించి పోయాడు. అదే ఆఖరిసారి.

దినాల నాడు నలుగురూ నా ముందే, వదినె అంటె పానం పెట్టేటోడు, ఆమె గూడ తల్లి లెక్క చూసుకున్నది అన్నారు. మా మరిది బిడ్డ నా భుజం మీద తల పెట్టి, “పెద్దమ్మా, ఆ తీగె పోయినంక బాపు ఇంకేదీ నాటలే” అని ఏడ్చింది. అప్పుడు కూడా నేను చెప్పలేదు. ఇంటి నిండా జనం అని నాకు నేను సాకు చెప్పుకున్నాను. ఇదిగో, ఇప్పుడు ఎవరూ లేరు. చెప్పాను.

ఇది రాసి ఒక రోజు పక్కన పెట్టాను. పుస్తకం అచ్చయి మా యారాలి చేతికి పోతుంది. ఆమె దీన్ని చదివి తెలుసుకోవడం న్యాయం కాదు, నా నోటితోనే వినాలి. అందుకే నిన్న ఫోన్ చేశాను. ఒక మాట ఉంది, వచ్చి చెప్తా అన్నాను. ఆమెకు ఏమనిపించిందో, గాబరా పడింది: “మందులు తెచ్చుకో అక్కా. రెండు రోజులుండు. ఒక్కదాన్ని కూసుంటె గోడలు నామీదికి వస్తున్నయ్.”

అక్కా అని ఇంకా అంటున్నది. పోయి కూర్చోగానే ఆమె చాయ్ పెడతానని లేస్తుంది, నేను ఆమె కొంగు పట్టుకొని ఆపాలి. ఆ చాయ్ తాగితే నేను ఇంక చెప్పలేను, నా సంగతి నాకు తెలుసు. వచ్చే బేస్తవారం, పొద్దున ఏడు గంటల నిర్మల్ బస్సుకు.